పాత సిస్టంకి ర్యామ్ వెయ్యాలా, కొత్తది కొనాలా?

ప్రశ్న: అన్నా నమస్తే, మాది తిరుపతి కొర్లగుంట. 2012లో మా ఆయన అసెంబుల్ చేయించిన సిస్టం ఇంట్లో ఉంది, ఐ3-2100 ప్రాసెసరు, 2జీబీ ర్యామ్, తర్వాత ఎవరో విండోస్ 10 వేసిచ్చినారు. మా పాప పద్మావతి యూనివర్సిటీలో పీజీ చేస్తా ఉంది, ప్రాజెక్టు రిపోర్టు టైప్ చేసుకుంటా క్రోమ్‌లో నాలుగు ట్యాబులు తెరిస్తే చాలు మౌస్ కూడా కదలదు. షాపుకు తీసకపోతే ఇది స్క్రాప్ అక్కా కొత్తది తీసుకోండి అన్నారు, మా పిల్లోడేమో 16జీబీ ర్యామ్ వేస్తే సరిపోతుంది అంటాడు. ఎవరి మాట వినాలి?

జవాబు: అక్కా, స్క్రాప్ అనే మాట నేను ఒప్పుకోను. వర్డ్, క్రోమ్, పీడీఎఫ్‌లు, ఆన్‌లైన్ క్లాసులు, ఈ మాత్రానికి ఆ ప్రాసెసర్ ఇప్పటికీ చాలు. కాకపోతే 2జీబీ అనేది విండోస్ 10 64 బిట్‌కి కనీసం ఉండాల్సిన లెక్క, అంటే అది ఆన్ అయ్యి నిలబడటానికి సరిపోతుంది అంతే, పని చేసుకోవడానికి కాదు.

డబ్బులు పెట్టేముందు ఒకటి చూడండి. పాప పని చేసుకునేటప్పుడు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది, అందులో పెర్ఫార్మెన్స్‌లోకి పోయి మెమరీ మీద నొక్కండి. 90 శాతం పైన నిండిపోయి, పక్కన డిస్క్ కూడా 100 చూపిస్తా ఉంటే రోగం దొరికినట్టే. ర్యామ్‌లో చోటు లేక విండోస్ ఆ సామానంతా హార్డ్ డిస్క్‌లోకి తోస్తా, మళ్ళీ లాక్కుంటా ఉంటుంది, క్యాబినెట్ మీద చిన్న లైటు ఆగకుండా వెలగడం అందుకే. మెమరీ సగమే వాడతా ఉండి డిస్క్ మాత్రం 100లో ఉంటే ర్యామ్ కొన్నా లాభం ఉండదు, అప్పుడు చూడాల్సింది హార్డ్ డిస్క్‌ని. అదే పేజీలో కింద ఎన్ని స్లాట్లు వాడినారో, స్పీడ్ ఎంతో కూడా ఉంటుంది, ఒక ఫోటో తీసుకోండి.

మీ ప్రాసెసర్‌కి ఎక్కువ శాతం హెచ్61 అనే రకం మదర్‌బోర్డులే వేసేవాళ్ళు, బోర్డు మీదే పెద్ద అక్షరాలతో మోడల్ రాసుంటుంది చూసుకోండి. హెచ్61 అయితే మామూలుగా రెండే స్లాట్లు, 16జీబీ దాకా ఎక్కుతుంది. కానీ పాప చేసే పనికి 16 దండగ, 8 చాలు. ఉన్న 2జీబీ తీసేసి ఒకే రకం 4జీబీలు రెండు వేస్తే డ్యూయల్ ఛానల్ కూడా వస్తుంది, అంటే రెండింటినీ ఒకేసారి వాడుకుంటుంది, ఇంకొంచెం చురుగ్గా ఉంటుంది. మీకు కావాల్సింది డెస్క్‌టాప్‌కి వేసే డీడీఆర్3 రకం ర్యామ్. దానికన్నా పాత రకం డీడీఆర్2కి కూడా 240 పిన్నులే కాబట్టి చూడ్డానికి ఒకేలాగుంటాయి కానీ మధ్యలో గాడి వేరే చోట ఉంటుంది, బలంగా నొక్కితే స్లాటే విరిగిపోతుంది. 1600 స్పీడ్‌ది ఇచ్చినా తీసుకోవచ్చు, మీ దాంట్లో 1333లోనే నడుస్తుంది. ఏఎండీ కంపెనీ ప్రాసెసర్లకి మాత్రమే అని రాసి చవగ్గా అమ్మేవి ఉంటాయి, అవి మీ ఇంటెల్ బోర్డులో పనిచెయ్యవు, ఎంత తక్కువకి ఇచ్చినా వద్దనండి. డీడీఆర్3 ఇప్పుడు ఎక్కువగా సెకండ్ హ్యాండ్‌లోనే దొరుకుతుంది కాబట్టి వారం రోజుల్లో తేడా వస్తే మార్చిస్తామని బిల్లు మీద రాయించుకోండి, నోటిమాట నమ్మొద్దు.

వేసేటప్పుడు స్విచ్ ఆపి వైరు పీకేసి పవర్ బటన్ ఒకసారి నొక్కండి, మిగిలిన కరెంటు పోతుంది. క్యాబినెట్ పడుకోబెట్టి ఇనుప భాగాన్ని చేత్తో తాకి, బ్రష్షుతో స్లాట్లలో దుమ్ము దులపండి. గాడి చూసుకుని రెండు చివర్లా సమానంగా నొక్కితే క్లిప్పులు టక్కుమని వాటంతటవే పడాలి. ఆన్ చేస్తే బీప్ బీప్ అని డిస్‌ప్లే రాకపోతే భయపడొద్దు, బయటికి తీసి బంగారు రంగు పిన్నుల్ని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, ఒక్కొక్కటే మార్చి మార్చి పెట్టి చూడండి. అంతా బాగుంటే ఆ రాత్రికి ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 అనే ప్రోగ్రామ్ పెట్టి వదిలేయండి, ఒక్క ఎర్రర్ వచ్చినా తీసకపోయి మార్చుకోండి.

16జీబీకి పెట్టాలనుకున్న డబ్బుల్లో మిగిలిందానికి హార్డ్ డిస్క్ బదులు వాడే వేగమైన డ్రైవు, 240జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ వెయ్యండి అక్కా, ఇది గట్టిగా చెప్తున్నా. హెచ్61లో సాటా, అంటే డ్రైవుని బోర్డుకి కలిపే కనెక్షన్, పాత స్పీడే అయినా హార్డ్ డిస్క్‌కీ దానికీ పోలికే ఉండదు. ఇంకోటి, విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయినాయి, విండోస్ 11 మీ ప్రాసెసర్‌ని తీసుకోదు, ఇంటెల్‌లో 8వ జెనరేషన్ నుంచే అడుగుతుంది. బ్యాంకు పనులు కూడా దాంట్లోనే చేస్తా ఉంటే విండోస్ బదులు ఉచితంగా దొరికే లైనక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టం వేయించుకోవడం మంచిది, 8జీబీతో హాయిగా నడుస్తుంది.

ప్రశ్న: సార్, చిత్తూరు గ్రీమ్స్‌పేట నుంచి రాస్తున్నా. నాది జీ41 బోర్డు, డీడీఆర్3. చెన్నై రిచీ స్ట్రీట్‌లో 4జీబీ ర్యామ్ తెచ్చి వేస్తే డిస్‌ప్లే రాలేదు, అదే మా ఫ్రెండ్ సిస్టంలో పనిచేస్తా ఉంది. బోర్డు పోయిందా?

జవాబు: బోర్డు బాగానే ఉండొచ్చు తమ్ముడూ. ఆ ర్యామ్ తిప్పి నల్ల చిప్పులు లెక్కపెట్టు. ఒక పక్కనే ఎనిమిది ఉంటే ఒక్కో చిప్పు 512ఎంబీ అన్నమాట, జీ41 అంత పెద్ద చిప్పుని చదవలేదు. రెండు పక్కలా కలిపి పదహారు ఉండే 4జీబీ అడుగు, ఒక్కోటి 256ఎంబీ, అది తీసుకుంటుంది. రెండు స్లాట్లకీ కలిపి 8జీబీ దాకా పోవచ్చు. చిప్పుల లెక్క చెప్తే పాత సరుకు అమ్మేవాళ్ళకి వెంటనే అర్థమైపోతుంది.

ప్రశ్న: దామలచెరువులో మామిడి మండీ లెక్కలు రాసే సిస్టం సార్. 4జీబీ రెండు వేసినా 3.4 మాత్రమే వాడతా ఉంది. మోసపోయినామా?

జవాబు: లేదు సార్, మీది 32 బిట్ విండోస్ అయ్యుంటుంది. 32 బిట్‌కి 4జీబీ దాటి అందదు, అందులోనూ కొంత గ్రాఫిక్స్‌కీ మిగతా డివైజులకీ పోతుంది. 64 బిట్ వేయించండి, కాకపోతే దానిమీదే అప్‌గ్రేడ్ కుదరదు, ఫార్మాట్ చేసి కొత్తగా వెయ్యాల్సిందే. కాబట్టి ముందు ట్యాలీ డేటా ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, ఇంకో కంప్యూటర్‌లో తెరుచుకుంటా ఉందో లేదో చూసుకున్నాకే మెకానిక్‌ని పిలవండి, చాలామందికి ఆ ఫోల్డర్ సీ డ్రైవ్‌లోనే ఉంటుంది, ఫార్మాట్‌తో పోతుంది.