పాత లారీలో ఇంజిన్ వేడెక్కాక ఆయిల్ లైటు ఎందుకు వెలుగుతుంది?

అంబాజీపేటలో కొబ్బరికాయలు ఎత్తుకుని రావులపాలెం చేరేసరికి, ఐడిలింగ్‌లో (బండి ఆగి ఇంజిన్ మాత్రం తిరుగుతున్నప్పుడు) ఆయిల్ ప్రెజర్ తగ్గిందని చెప్పే లైటు వస్తోందని మీరన్నారు. వెంటనే ఇంజిన్ దింపించకండి. చదునైన చోట బండి ఆపి, కాసేపాగి డిప్‌స్టిక్ (ఆయిల్ లెవెల్ చూసే పుల్ల) తీసి చూడండి. లెవెల్ పెరిగి డీజిల్ వాసన కొడితే ఆయిల్లో డీజిల్ కలుస్తోంది. పాలు పోసిన టీలా ఉంటే నీళ్లు. ఈ రెండింట్లో ఏదైనా సరే, బండి కదపొద్దు.

లెవెల్ సరిగ్గా ఉంటే ఆ లైటును వెలిగించే సెన్సార్ విప్పి, ఆ కన్నానికే ప్రెజర్ చూపించే మెకానికల్ గేజ్ పెట్టించండి. పాత బళ్లలో చాలాసార్లు టెన్షన్ పెట్టేది సెన్సారో, దాని వైరో. గేజ్‌లోనూ ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ప్రెజర్ బాగుండి వేడెక్కాక పడిపోతే, ఆయిల్ గ్రేడ్ (చిక్కదనం) సరైనదే అయితే, బేరింగుల అరుగుదలను అనుమానించాలి. చల్లగా ఉన్నా తక్కువే చూపిస్తే స్ట్రైనర్ (ఆయిల్ జల్లెడ), రిలీఫ్ వాల్వు (ఎక్కువైన ప్రెజర్‌ను వదిలేది), ఆయిల్ పంపు చూడాలి. చిక్కటి ఆయిల్ పోసి లైటు ఆర్పేసే మెకానిక్‌లుంటారు, ఒప్పుకోకండి. ఇంజిన్ కింద నుంచి టకటక మోత వస్తే మాత్రం అక్కడే ఆపేయండి.