తొమ్మిది బిళ్ళలు, మూడు గ్లాసులు

గుంటూరు, బ్రాడీపేట

చిరంజీవి అమ్మడుకి తాతయ్య ఆశీస్సులు.

పజిల్ చదివిన అయిదు నిమిషాలకే ఫోన్‌లో జవాబు చూసేస్తున్నావనీ, చూసినప్పుడు అంతా తెలిసినట్టే ఉండి వారం తిరిగేసరికి మళ్ళీ మొదటికొస్తోందనీ రాశావు. ఇన్నేళ్ళు లెక్కలు చెప్పినవాణ్ణి కాబట్టి నా దగ్గర ఏదో కిటుకు ఉంటుందని నీ ఆశ. కిటుకు లేదు గానీ ఒక అలవాటుంది. జవాబు వచ్చాక కాగితం మడిచెయ్యను. లెక్కలో ఒక్క అంకె మార్చి, ఆ జవాబు ఇంకా నిలబడుతుందో లేదో చూస్తాను.

నువ్వడిగిన బిళ్ళల లెక్కే తీసుకో. తొమ్మిది రూపాయి బిళ్ళలు, చూడ్డానికి అన్నీ ఒకటే, ఒక్కటి మాత్రం బరువెక్కువ. రెండు పళ్ళేల త్రాసు ఉంది. రెండే తూకాల్లో దాన్ని పట్టుకోవాలి. అటు నాలుగు, ఇటు నాలుగు పెట్టానన్నావు. అందరం మొదట అదే చేస్తాం, పళ్ళేలు రెండే కదా అని. కానీ త్రాసు చెప్పే మాటలు మూడు: ఎడమ దిగింది, కుడి దిగింది, సమంగా ఉంది. ఆ మూడో మాటని నువ్వు ఒక్క బిళ్ళ కోసం ఖర్చు పెట్టేశావు. అటు మూడు, ఇటు మూడు, పక్కన మూడు ఉంచు. త్రాసు ఏం చెప్పినా నీకు మిగిలేది మూడు బిళ్ళలే. వాటిలో రెండో తూకానికి ఒకటీ ఒకటీ పెడితే అయిపోయింది.

ఇక్కడ ఆపితే మాత్రం మళ్ళీ మర్చిపోతావు. పది బిళ్ళలైతే? రెండు తూకాల్లో త్రాసు చెప్పగలిగేవి మొత్తం 3×3, అంటే 9 జవాబులు. పది బిళ్ళలకి చాలవు, ఎంత తెలివిగా పెట్టినా సరే. మూడు తూకాలైతే 27 బిళ్ళల దాకా వెళ్ళొచ్చు.

తర్వాత 12 బిళ్ళల లెక్క పట్టు. ఒకదానిలో తేడా ఉంది, బరువో తేలికో తెలీదు, మూడు తూకాల్లో అది ఏ బిళ్ళో, బరువో తేలికో రెండూ చెప్పాలి. 24 అవకాశాలు, త్రాసు దగ్గర 27 జవాబులు. కుదురుతుంది, ఎలాగో నేను చెప్పను. 13 బిళ్ళలైతే 26 అవకాశాలు, అదీ 27 కంటే తక్కువే, అయినా కుదరదు! మొదట నాలుగూ నాలుగూ పెట్టావనుకో, సమంగా నిలిస్తే పక్కనున్న అయిదింటికి 10 అవకాశాలు. అయిదూ అయిదూ పెట్టావనుకో, ఒకవైపు దిగితే మళ్ళీ 10. మిగిలిన రెండు తూకాలు చెప్పగలిగేది 9. ఒక్కటంటే ఒక్కటి తక్కువై లెక్క చెడిపోవడం నాకు ఇప్పటికీ ముచ్చటగా ఉంటుంది.

పులి, మేక, గడ్డిమోపుని ఏరు దాటించే లెక్క చిన్నప్పుడే చేశావు కదా. ఏడుసార్లు పడవ దాటాలి. చాలామంది తడబడేది ఒకే చోట: అవతలికి చేర్చిన మేకని మళ్ళీ వెనక్కి తేవడానికి మనసొప్పదు. ఎక్కడైనా ఇరుక్కుంటే, ‘నేను దేన్ని వెనక్కి తేనంటున్నాను?’ అని ఒకసారి అడుక్కో.

నేనూ తక్కువ తినలేదు. అమెరికా టీవీ ఆట నుంచి వచ్చిన మాంటీ హాల్ లెక్క వినే ఉంటావు. 1990లో మారిలిన్ వాస్ సావంత్ అనే ఆవిడ పత్రికలో దానికి సరైన జవాబే రాస్తే, తప్పంటూ వేల ఉత్తరాలొచ్చాయి, డాక్టరేట్లున్నవాళ్ళ దగ్గర్నుంచి కూడా. నేనూ ఆ గుంపులోవాణ్ణే. అదే ఆట నాతో ఆడించడానికి మీ అమ్మమ్మ మూడు స్టీలు గ్లాసులు బోర్లించి ఒకదాని కింద చింతపిక్క దాచింది. నేనొకటి ఎంచుకున్నాను. ఎక్కడుందో తెలిసిన మనిషి కాబట్టి, మిగిలిన రెంటిలో ఖాళీది ఎత్తి చూపించి, ‘మార్చుకుంటారా?’ అంది. రెండే మిగిలాయి కాబట్టి సగం సగం అని నేను రెండు రోజులు వాదించాను. 30 సార్లు మార్చి చూస్తే 19 సార్లు పిక్క దొరికింది. అయినా ఒప్పుకోలేదు, మొండితనం.

చివరికి అంకె మార్చాను. 100 గ్లాసులనుకో. నేనొకటి పట్టుకున్నాక ఆవిడ 98 ఖాళీవి ఎత్తేసి ఒక్కటి వదిలింది. ఆ ఒక్కటీ ఎందుకు ఎత్తలేదూ? అప్పుడు సిగ్గేసింది. మూడు గ్లాసుల్లోనైనా మార్చుకుంటే మూడింట రెండు వంతులు పిక్క మనదే. ఇంకోటి కూడా మార్చి చూడు: పిక్క ఎక్కడుందో అమ్మమ్మకీ తెలీకుండా ఎత్తింది, అదృష్టం కొద్దీ అది ఖాళీ. అప్పుడు నిజంగానే సగం సగం. గ్లాసులవే, కనబడేదీ అదే, ఆవిడకి తెలుసా లేదా అన్నదాంతో జవాబు మారిపోయింది.

జవాబు ఎప్పుడు చూడొచ్చంటావా? కనీసం ఒక రాత్రి నిద్రపోయి లేచాక. అప్పుడూ మొదటి వాక్యమే చదివి మూసెయ్యి.

దసరాకి వచ్చేటప్పుడు ఒక పని చేసుకురా. యూరప్‌లోని కోనిగ్స్‌బర్గ్ ఊళ్ళో ఏడు వంతెనలూ ఒక్కోసారే దాటుతూ తిరగడం కుదరదని గణితశాస్త్రవేత్త ఆయిలర్ 1736 నాటి వ్యాసంలో చూపించాడు. నేల ముక్కలు నాలుగు, ఒకదానికి అయిదు వంతెనలు, మిగిలినవాటికి మూడేసి. ఒక ముక్కలోకి వంతెన మీదుగా వచ్చావంటే వెళ్ళడానికి ఇంకోటి కావాలి, కాబట్టి మొదలుపెట్టే చోటా ఆగే చోటా తప్ప అంతటా సరిసంఖ్య ఉండాలి. అక్కడ నాలుగూ బేసే. మీ బెజవాడకీ బందరు, రైవస్, ఏలూరు కాలువలున్నాయి. బొమ్మ గీసి ఒక్కో ముక్కకి ఎన్ని వంతెనలో లెక్కపెట్టు. కాలినడక వంతెనలు కూడా వదిలెయ్యకు, ఒక్కటి తప్పినా సరి బేసి అయిపోతుంది.

ఆశీస్సులతో,
తాతయ్య