పెట్రోలు బాగాలేదన్నారు సరే, పరీక్ష కాగితం ఏది?

ప్రశ్న: మాది గాజువాక. దువ్వాడలో ప్రైవేటు ఉద్యోగం చేస్తున్నాను. 2023 ఆగస్టులో అప్పు తీసుకుని కొత్త మోటార్ సైకిల్ కొన్నాను. 2024 మార్చిలో బండి దారిలో ఆగిపోతే షోరూం వారు ఇంధన పంపును ఉచితంగా మార్చారు. సెప్టెంబరులో జోరువానలో భార్య, పాపతో వెళ్తుంటే ఎన్‌ఏడీ ఫ్లైఓవర్ మీద మళ్లీ ఆగిపోయింది. 12వ తేదీన సర్వీసు సెంటర్‌కు తీసుకెళ్తే పెట్రోలు బాగాలేదు, వారంటీ వర్తించదన్నారు. మేనేజర్ అందరి ముందు నన్ను అవమానించాడు. నాలుగు నెలలు బండి మూలపడింది. చివరికి 2025 జనవరిలో బయటి మెకానిక్ దగ్గర 7,400 రూపాయలు పెట్టి పంపు మార్పించుకున్నాను. కంపెనీకి ఎన్ని మెయిళ్లు పంపినా ‘పరిశీలిస్తున్నాం’ అనే జవాబే. కొత్త బండి ఇప్పించుకోవచ్చా? తయారీ లోపమేనంటూ పాత తేదీతో సర్టిఫికెట్ రాసిస్తానని మెకానిక్ అంటున్నాడు. వాయిదాలు కట్టడం మానేస్తే వాళ్లు దిగివస్తారా?

జవాబు: మీ ఉత్తరంలో సగానికి పైగా వానలో తడవడం, మేనేజర్ మాటలే ఉన్నాయి. వినియోగదారుల కమిషన్ ముందు వాటితో కేసు నిలబడదు. మీరు జతచేసిన రెండు జాబ్ కార్డులతో, అంటే బండి లోపం, చేసిన పని రాసి సర్వీసు వాళ్లిచ్చే కాగితాలతో, నిలబడుతుంది. వాటిని పక్కపక్కన పెట్టి చదవండి.

మార్చి నెల కార్డులో మెకానిక్ పద్ధతిగా రాశాడు: తాళం తిప్పితే పంపు శబ్దం లేదు, బ్యాటరీ, ఫ్యూజు, రిలే సరిగా ఉన్నాయి, పంపు మార్చాం, వారంటీ. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండిలో తాళం తిప్పగానే ట్యాంకులోంచి రెండు మూడు సెకన్ల పాటు సన్నని గుయ్‌మనే మోత వినిపించాలి. పంపు ఒత్తిడి పెంచుకునే చప్పుడు అది. అది లేకపోతే ముందు కరెంటు అందుతోందో లేదో చూసి, అందుతుంటేనే పంపును అనుమానించాలి. మార్చిలో జరిగింది అదే.

సెప్టెంబరు 12 కార్డులో ఉన్నవి రెండే ముక్కలు: ఇంధన కల్తీ, వారంటీ తిరస్కరణ. ఒత్తిడి ఎంత చూపించిందో లేదు. పంపు అడుగున ఉండే జల్లెడలో ఏముందో లేదు. పెట్రోలు నమూనా తీసినట్టు లేదు. వాళ్ల ఆరోపణ అసాధ్యమని నేను అనడం లేదు. ఇప్పుడు మనకు దొరికే పెట్రోలులో ఇథనాల్ ఉంటుంది, అది నీటిని పీల్చుకుంటుంది. నీరు హద్దు మీరితే ఇథనాల్‌తో కలిసి విడిపోయి ట్యాంకు అడుగుకు, అంటే పంపు పీల్చే చోటికే, దిగుతుంది. వానాకాలంలో ఇలా జరగవచ్చు. కానీ మీ ఎదుటే కాస్త పెట్రోలు గాజు సీసాలోకి తీసి కదలకుండా ఉంచితే అడుగున పొర కట్టిందో లేదో కంటికే తెలిసేది. ఆ మాత్రం కూడా చేయలేదు. మీరు పంపిన వారంటీ పేజీలో కల్తీ ఇంధనం వల్ల వచ్చే నష్టానికే మినహాయింపు ఉంది, పంపుకు లేదు. మినహాయింపు చూపించి తప్పించుకునేవాడే దాన్ని రుజువు చేయాలి. మీ కేసు ప్రాణం ఇక్కడుంది.

అందుకే కొత్త బండి ఊసు వదిలేయండి. తయారీ లోపమని వాదిస్తే దాన్ని నిపుణుడి నివేదికతో నిరూపించాల్సిన భారం మీ నెత్తిన పడుతుంది. పైగా వారంటీ భాగం మార్చడానికే పరిమితమైతే వాహనం మొత్తం మార్చమనలేమని మారుతి ఉద్యోగ్ కేసులో 2006లోనే సుప్రీం కోర్టు చెప్పింది. పరీక్ష చేయకుండా వారంటీ నిరాకరించడం సేవాలోపం అని ఫిర్యాదు రాయండి. పంపు ఖర్చు, బండి మూలపడిన నెలలకు నష్టపరిహారం, కేసు ఖర్చులు అడగండి.

ఇక తేదీ. వినియోగదారుల పరిరక్షణ చట్టం, 2019లోని 69వ సెక్షన్ ప్రకారం వ్యాజ్య కారణం, అంటే కేసుకు దారితీసిన సంఘటన, పుట్టిన రోజు నుంచి రెండేళ్లలో ఫిర్యాదు వేయాలి. మీకు అది 2024 సెప్టెంబరు 12న పుట్టింది. 2026 సెప్టెంబరు 11 దాటనివ్వకండి. మీరు మెయిళ్లు పెడుతున్నారని గడువు ఆగదు. ‘పరిశీలిస్తున్నాం’ అన్న జవాబుతో అది పెరగదు. తగిన కారణం చూపితే జాప్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉంది, కానీ వాళ్ల జవాబు కోసం ఎదురుచూశానన్నది తగిన కారణమవుతుందని నమ్ముకోకండి.

పాత తేదీ సర్టిఫికెట్ జోలికి ఎట్టి పరిస్థితుల్లోనూ వెళ్లకండి. కమిషన్ ముందు జరిగేది న్యాయవిచారణ కిందే లెక్క అని ఈ చట్టం 38వ సెక్షనే చెబుతోంది. అక్కడ కల్పిత సాక్ష్యం పెడితే భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు జైలు. ఎదుటి న్యాయవాది మెకానిక్‌ను నాలుగు ప్రశ్నలడిగితే ఆ తేదీ బయటపడుతుంది. అప్పుడు మీ నిజమైన జాబ్ కార్డులనూ ఎవరూ నమ్మరు. జనవరిలో పంపు విప్పినప్పుడు తన కళ్లతో ఏం చూశాడో, జల్లెడ శుభ్రంగా ఉందో లేదో, ఈనాటి తేదీతోనే అఫిడవిట్ ఇమ్మనండి. అది చాలు. వాయిదాలు మాత్రం కడుతూనే ఉండండి. పంపు చెడినందుకు అప్పిచ్చినవాడి బాధ్యత లేదు, మానేస్తే బండి పోతుంది, దానితో సాక్ష్యమూ పోతుంది.

ఒక మాట గట్టిగానే అనాలి. తీసేసిన పంపు మెకానిక్ కొట్లోనే ఉండిపోయిందని ఉత్తరం చివర ఒక్క ముక్కలో రాసి ఊరుకున్నారు. ఈ కేసులో మాట్లాడగల వస్తువు అదొక్కటే! పాత ఇనుముకు పోతే ఏం చేస్తారు? సెప్టెంబరు కార్డు మీద ‘సంతృప్తి చెందాను’ అన్న గడి కింద చదవకుండా సంతకం కూడా పెట్టారు. వారంటీ తిరస్కరించిన కాగితం మీద సంతృప్తి ఏమిటి? ఆ సంతకాన్ని వాళ్లు తప్పకుండా చూపిస్తారు. వారం లోపే నిరసనగా పంపిన మీ మొదటి మెయిల్ ఉంది కాబట్టి దానికి జవాబు చెప్పుకోగలరు.

సర్వీసు సెంటర్‌ను, తయారీ కంపెనీని ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. ఒకరిని వదిలితే రెండోవారు తప్పు అటు నెట్టేస్తారు. కంపెనీ ఎక్కడున్నా మీరు నివసించే విశాఖపట్నంలోనే, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు కాబట్టి రుసుము లేదు. న్యాయవాది తప్పనిసరి కాదు. సెప్టెంబరుకు ముందు ఏ బంకులో పెట్రోలు కొట్టించారో చూపే యూపీఐ చెల్లింపులను ముద్రించి జతచేయండి. పంపును పరీక్షకు పంపమని 38వ సెక్షన్ కిందే దరఖాస్తు పెట్టండి. బయట విప్పిన పంపు కదా అని వాళ్లు అభ్యంతరం చెబుతారు. అందుకే రేపు ఉదయమే మెకానిక్ కొట్టుకు వెళ్లి, పంపు మీద అంకెలు కనిపించేలా ఫొటోలు తీసి, కడగకుండా, విప్పకుండా సంచిలో పెట్టి, ఇద్దరు సాక్షుల సంతకాలతో సీలు వేయించి ఇంటికి తెచ్చుకోండి.