కొండ కరిగే వేగం

చిరంజీవి బాబుకు,

పెద్దమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరమూ, దానితో పంపిన లెక్కల కాగితమూ అందాయి. ఉత్తరం ఒకసారే చదివాను. కాగితం మూడుసార్లు చదివాను. 44 ఏళ్లకే ఉద్యోగం మానేస్తానంటే మీ అమ్మ కంగారు పడదా మరి! నేను 47వ ఏట మానేసినప్పుడు మా ఇంటికి వచ్చినవాళ్లలో సగంమంది ఒకే సామెత చెప్పి వెళ్లారు: కూర్చుని తింటే కొండలైనా కరిగిపోతాయి. పదిహేనేళ్లయింది. ఆ సామెత తప్పని నేను ఏనాడూ అనుకోలేదు. కాకపోతే కొండ ఎంత పెద్దది, ఏడాదికి ఎంత తవ్వుకుంటున్నాం, తవ్వినచోట మళ్లీ ఎంత పూడుతోంది అన్నవి అందులో లేవు. ఈ పదిహేనేళ్లూ నేను చేసిన పనల్లా ఆ మూడు లెక్కలే.

నువ్వు అడిగింది ఒక్కటే: ఎక్కువ ఆదాయం ఇచ్చేది ఏది? ముందు ఖర్చు సంగతి చూద్దాం, ఎందుకంటే నీ కాగితంలో తప్పు అక్కడే ఉంది.

నెల ఖర్చు ఒక అంకె వేశావు. దాన్ని 12తో గుణించి ఏడాది ఖర్చు అన్నావు. అందులో బీమా ప్రీమియం లేదు. ఇంటికి సున్నం, రంగులు లేవు. కళ్లద్దాలు లేవు. బండి పదేళ్లకొకసారి మార్చాల్సి వస్తుంది, ఆ పదోవంతు లేదు. వాషింగ్ మెషీన్ చెడిపోదని ఎవరు రాసిచ్చారు నీకు? నేను మానేయడానికి ముందు రెండేళ్లపాటు నీలం అట్ట నోటుబుక్కులో ప్రతి పైసా రాశాను. ఎడమవైపు తప్పని ఖర్చులు, మధ్యలో తగ్గించుకోగలిగినవి, కుడివైపు ఏడాదికో నాలుగేళ్లకో ఒకసారి వచ్చిపడేవి. మొదటి ఏడాది చివర కూడి చూస్తే కుడివైపు వరుస ఒక్కటే మొత్తంలో ఐదోవంతు తేలింది. అంతవరకు అవన్నీ "అనుకోని ఖర్చులు" అనుకునేదాన్ని. ప్రతి ఏడూ వచ్చేది అనుకోనిది ఎలా అవుతుంది?

మధ్య వరుస మీద నీకు శ్రద్ధ ఎక్కువ కావాలి. అది ఎంత వెడల్పుగా ఉంటే నువ్వు అంత నిశ్చింతగా ఉంటావు. ఖర్చంతా ఎడమ వరుసలోనే ఉన్నవాడికి ఎంత ఆస్తి ఉన్నా, షేర్ల బజారు పడిపోయిన ఏడాది వంచడానికి ఏమీ ఉండదు.

ఇక కొండ పరిమాణం. విలియం బెంగెన్ అనే అమెరికన్ ఆర్థిక సలహాదారు 1994లో ఈ లెక్క వేశారు. ఆయన చదివింది విమానాల ఇంజనీరింగు. అందుకేనేమో, సగటు ఏడాదిని వదిలేసి అతి చెడ్డ కాలంలో పని మానేసినవాడి గతి ఏమిటని చూశారు. 1926 నుంచి ఉన్న అమెరికా గణాంకాలు తీసుకుని, సొమ్ము సగం షేర్లలో, సగం బాండ్లలో (అంటే గడువు పెట్టి వడ్డీకి ఇచ్చే అప్పుపత్రాలలో) ఉందనుకుని, మొదటి ఏడాది నిధిలో 4 శాతం తీసి, ఆ తర్వాత ధరలు పెరిగినంత మేర ఆ మొత్తాన్ని పెంచుకుంటూ పోతే 30 ఏళ్లకు తక్కువ కాకుండా నిలిచిందని తేల్చారు. ఏడాది ఖర్చుకు 25 రెట్లు ఉంటే చాలన్న మాట ఇక్కడి నుంచి వచ్చిందే. 1998లో ట్రినిటీ విశ్వవిద్యాలయం ఆచార్యులు ముగ్గురు దాదాపు ఇదే దారిలో లెక్కలు వేశాక ఆ అంకె లోకమంతా పాకింది.

నువ్వు కూడా 25 రెట్లే వేసుకున్నావు. కానీ ఆ 30 ఏళ్లు 65వ ఏట దిగిపోయేవాడి కోసం. నీకు 50 ఏళ్లు కావాలి. పైగా అది ఒక్క దేశపు చరిత్ర, అదీ బాగా కలిసొచ్చిన దేశపు చరిత్ర. జపాన్‌లో షేర్ల ధరలను కొలిచే నిక్కీ సూచీ 1989 డిసెంబరు చివర చేరిన శిఖరాన్ని మళ్లీ దాటింది 2024 ఫిబ్రవరిలో. మధ్యలో 34 ఏళ్లు! అందుకే నేను 3 శాతానికి అటూ ఇటూగా, అంటే ఏడాది ఖర్చుకు 33 రెట్ల లెక్కన మొదలుపెట్టాను. ఒక దేశపు షేర్లనే నమ్ముకోవడమూ మానేశాను. 33 రెట్లు అనగానే గుండె జారిపోతుందని తెలుసు. అయితే ఇదే లెక్కను తిరగేసి చూడు. నెలకు వంద తగ్గించుకుంటే 25 రెట్ల లెక్కన 30 వేలు కూడబెట్టాల్సిన అవసరం తప్పుతుంది. ఆ తగ్గింపు మీద పన్ను కూడా ఉండదు. ఇంత ఖాయమైన రాబడి ఇచ్చే మదుపు నాకు మరొకటి తెలియదు.

నీ కాగితంలో రాబడి చోట సగటు వేశావు. ఉద్యోగంలో ఉన్నంతకాలం అది సరిపోతుంది, తీసుకుని తినేటప్పుడు సరిపోదు. మూడేళ్ల లెక్క వేసి చూపిస్తాను. నిధి 100 అనుకో, ప్రతి ఏడాది మొదట 5 తీస్తున్నావు. బజారు మొదటి ఏడాది 30 శాతం పడి, రెండో ఏడాది 10, మూడో ఏడాది 35 పెరిగితే చివర నీ దగ్గర ఉండేది 84.6. అవే అంకెలు తిరగబడి, మొదట 35 పెరిగి, తర్వాత 10 పెరిగి, చివర 30 పడితే 91.4. ఏమీ తీయకుండా వదిలేసి ఉంటే రెండు వరుసల్లోనూ 104 దగ్గరే తేలేది. పడిన ధరకు అమ్మిన షేరు మళ్లీ లేవదు, అంతే. కాబట్టి నీకు అసలు గండం మొదటి ఐదారేళ్లలోనే.

ఆ గండానికి నేను చేసుకున్న ఏర్పాటు గొప్పదేమీ కాదు. రెండేళ్ల ఖర్చు బ్యాంకు డిపాజిట్లలో ఉంటుంది. ఆ తర్వాతి నాలుగైదేళ్లది ఒక్కొక్క ఏడాదికి ఒక్కొక్కటి చేతికొచ్చేలా మెట్లు కట్టినట్టు కొన్న బాండ్లలో ఉంటుంది. మిగతాదంతా తక్కువ ఖర్చుతో నడిచే ఇండెక్స్ ఫండ్లలో, అంటే సూచీలో ఉన్న షేర్లనే కొని ఉంచే ఫండ్లలో పడి ఉంటుంది, దాని జోలికి పోను. షేర్లు బాగా పెరిగిన ఏడాది కొంత అమ్మి కింది మెట్లు నింపుతాను, పడిన ఏడాది నింపను. 2020 ఫిబ్రవరి, మార్చి నెలల్లో అమెరికా సూచీ ఐదు వారాలు తిరగకుండానే మూడోవంతు పడిపోయింది కదా, అప్పుడు మేము చేసింది రెండే: కొత్త బండి వాయిదా వేశాం, ఖాతా తెరిచి చూడటం మానేశాం. రెండోదే కష్టం. మీ పెదనాన్న రాత్రిపూట దొంగచాటుగా ఫోనులో చూస్తూ దొరికిపోయేవారు.

బాండ్లంటే కదలవని అనుకోకు. వడ్డీ రేట్లు పెరిగితే పాత బాండు ధర పడుతుంది. సగటున ఏడేళ్ల వ్యవధి ఉన్న బాండు ఫండు, రేట్లు ఒక శాతం పెరిగితే ఇంచుమించు 7 శాతం దిగుతుంది. 2022లో షేర్లూ బాండ్లూ కలిసే పడ్డాయి. మెట్ల మీది బాండు గడువు వరకూ మన దగ్గరే ఉంటుంది కనుక మధ్యలో దాని ధర ఎంతన్నది నాకు పట్టదు.

ఇప్పుడు నీ ప్రశ్నకు వస్తాను. మానేసిన మూడో ఏట నాకూ అదే బుద్ధి పుట్టింది. ఒక సంస్థ మిగతావాళ్లకంటే ఒకటిన్నర రెట్లు వడ్డీ ఇస్తానంది. నిధిలో పదోవంతు అందులో పెట్టాను. పద్నాలుగు నెలలు, నెల మొదటి తారీకున ఫోను టింగుమనేది. ఆ చప్పుడుకు ఎంత అలవాటు పడ్డానంటే, పదిహేనో నెల అది మోగకపోతే ముందు ఫోనే చెడిపోయిందనుకున్నాను. నాలుగేళ్లు తిరిగితే సగం కూడా రాలేదు. వాళ్లు నాకు వడ్డీ పేరుతో ఇచ్చింది నా అసలేనని అప్పుడు తెలిసింది. ఎవరైనా మామూలుకంటే ఎక్కువ ఇస్తామంటే, ఆ ఎక్కువ ఎందుకు ఇవ్వాల్సి వస్తోందో అడుగు. జవాబు అర్థం కాకపోతే లేచి వచ్చేయ్.

డివిడెండు, అంటే లాభంలో వాటా, తరచుగా పంచే కంపెనీల షేర్లు కూడా అలాంటి మత్తే, కాస్త మర్యాదగా ఉంటుంది. డివిడెండు విడిపోయే రోజున షేరు ధర సుమారుగా అంతే తగ్గుతుంది. ఎడమ జేబులోంచి తీసి కుడి జేబులో వేయడమే, మధ్యలో పన్ను కూడా పడవచ్చు. ఇచ్చే డివిడెండు ఎప్పటికీ ఇస్తారనీ లేదు. జనరల్ ఎలక్ట్రిక్ అంతటి కంపెనీ 2009లో డివిడెండు కోసేసింది, 1938 తర్వాత అదే మొదటిసారి. నాకూ డివిడెండ్లు వస్తాయి, వద్దనను. అయితే ఖర్చుకు కావాల్సింది వడ్డీ, డివిడెండు, కొంత అమ్మకం అన్నీ కలిసిన మొత్తం నుంచి తీస్తాను. అసలు ముట్టుకోకూడదన్న పట్టుదల వినడానికి బాగుంటుంది, కానీ అధిక వడ్డీ ఉచ్చులోకి నన్ను దించింది ఆ పట్టుదలే.

వడ్డీ మీదే బతుకుదామనుకునేవాళ్లు ఇంకో లెక్క కూడా వేసుకోవాలి. వడ్డీ 7 శాతం, పన్ను దానిలో ఐదోవంతు, ధరల పెరుగుదల 6 శాతం అనుకో. పన్ను పోను చేతికొచ్చేది 5.6. అంటే వడ్డీ అంతా తినకుండా దాచినా కొండ కరుగుతూనే ఉంది. 6 శాతం చొప్పున ధరలు పెరిగితే 12 ఏళ్లకు రెట్టింపు అవుతాయి. నీకు ఇంకా అలాంటి పన్నెండేళ్లు నాలుగున్నాయి. షేర్లు ఉండాలనడం ఇందుకే.

ఫండు నిర్వహణకు ఏడాదికి ఒక శాతమే కదా అని రాశావు. నువ్వు తీసుకునేదే 4 శాతమైతే ఆ ఒక శాతం నీ భోజనంలో నాలుగోవంతు. సూచీని అనుసరించే చవక ఫండును సామాన్యుల కోసం జాన్ బోగుల్ 1976లో మొదలుపెట్టినప్పుడు చాలామంది నవ్వారు. ఆ నవ్వినవాళ్ల ఫీజులే ఇప్పుడు దిగొచ్చాయి.

పొదుపు గురించి ఎక్కువ చెప్పను. ఇల్లు, వాహనం, ప్రయాణాలు, ఈ మూడూ అదుపులో ఉంటే మిగతా చిల్లర ఖర్చుల కోసం కోడలితో గొడవ పడనక్కరలేదు. అక్కరకు రాని పొదుపు కూడా ఉంటుంది. మీ పెదనాన్న పుచ్చిన పన్ను పూడ్పించుకోవడం ఎనిమిది నెలలు వాయిదా వేసి, చివరికి దానికి ఆరింతలు పెట్టి వైద్యం చేయించుకున్నారు. ఆ ఏడాదే ఆదాయపు పన్ను గడువు కూడా మరిచిపోయి జరిమానా కట్టాం. రెండు పన్నులూ వాయిదాకు లొంగవని మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుకుంటాం. ఆరోగ్య బీమా మాత్రం ఉద్యోగం ఉండగానే నీ పేరు మీద విడిగా తీసుకో. కంపెనీ బీమాను నమ్ముకుని దిగితే, ఆ మరుసటి రోజు నుంచి నీకు ఏమీ ఉండదు.

మొదటి ఐదేళ్లు నచ్చిన పని ఏదైనా వారానికి రెండు మూడు రోజులు చేయి. వేడినీళ్లకు చన్నీళ్లు తోడు. ఖర్చులో సగం అలా వచ్చినా, నేను చెప్పిన గండం ఉన్న ఏళ్లలోనే కొండ మీద పలుగు సగమే పడుతుంది. నేను నాలుగేళ్లు అనువాదాలు చేశాను. డబ్బుకంటే, పొద్దున్నే లేవడానికి ఒక కారణం దొరికింది.

నీ ఉత్తరంలో "నేను", "నాకు" అన్న మాటలు లెక్కపెట్టాను, ముప్పై దాటాయి. కోడలి మాట ఒక్కసారి కూడా లేదు. తను పని కొనసాగిస్తుందా? నువ్వు ఇంట్లో ఉండటం తనకు ఇష్టమేనా? మధ్య వరుసలో ఏవి పోయినా ఫరవాలేదో, ఏవి పోతే ప్రాణం పోయినంత పనవుతుందో తనను అడిగావా?

నీ కాగితం తిప్పి పంపుతున్నాను. పెన్సిలుతో మూడు వరుసలు గీశాను, పైన శీర్షికలు రాశాను. కుడివైపు వరుస ఖాళీగా వదిలేశాను, అది మీ ఇద్దరూ కూర్చుని నింపాలి. పన్నెండు నెలలు రాశాక నాకు పంపు. రాజీనామా ఉత్తరం అప్పటివరకు సొరుగులోనే ఉండనీ.

మీ పెద్దమ్మ