వేపాకు వెండి నానో కణాలతో పిప్పి పన్ను నయమవుతుందా?

ప్రశ్న: నా వయసు 46. ఆరేళ్లుగా షుగర్ ఉంది. కింది దవడ పన్నుకు రంధ్రం పడి, రెండు నెలల కిందట విపరీతంగా నొప్పి పెడితే మెడికల్ షాపులో అడిగి బిళ్లలు వాడాను. ఇప్పుడు నొప్పి లేదు. అప్పుడప్పుడు చిగురు వాచి, దానంతటదే తగ్గుతోంది. వేపాకుతో చేసిన వెండి నానో కణాలు పిప్పి పన్ను క్రిములను చంపుతాయని చదివాను. వేపాకు కషాయంలో వెండి నాణెం నానబెట్టి పుక్కిలించవచ్చా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: మీరు నానో కణాల గురించి అడిగారు గానీ, మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది ‘ఇప్పుడు నొప్పి లేదు’ అన్న మాట. అంతగా సలిపిన పన్ను ఏ చికిత్సా లేకుండా నిమ్మళించిందంటే, లోపలి నరం చచ్చిపోయి ఉండవచ్చునని అనుమానించాలి. నరం పోయినంత మాత్రాన ఇన్‌ఫెక్షన్ పోదు. అది వేరు కొనదాకా దిగి చీము పడుతుంది, ఆ చీము చిగురు మీద గుల్లగా తేలి, కారిపోగానే అణుగుతుంది. మీ వాపు కూడా అలాంటిదే కావచ్చు. పన్ను చూడకుండా, ఎక్స్‌రే తీయకుండా ఖాయంగా చెప్పలేను. షుగర్ అదుపులో లేనివారిలో ఇటువంటి చీము త్వరగా వ్యాపిస్తుంది. అది ఉన్నంతకాలం షుగర్ అదుపులోకి రావడమూ కష్టమే.

ఇక నాణెం సంగతి. ప్రయోగశాలలో వాడేది వెండి ముక్క కాదు, సిల్వర్ నైట్రేట్ అనే లవణం. ఆ ద్రావణంలో ఆకు రసం కలిపితే, రసంలోని పదార్థాలు వెండి అయాన్లను (విద్యుదావేశం ఉన్న వెండి పరమాణువులను) కంటికి కనిపించనంత చిన్నవైన, 100 నానోమీటర్ల లోపు కణాలుగా మారుస్తాయి, ద్రావణం గోధుమ రంగుకు తిరుగుతుంది. నాణెం నానబెట్టిన కషాయంలో ఇదేదీ జరగదు. సిల్వర్ నైట్రేట్ చర్మాన్ని కాల్చే రసాయనం కాబట్టి దానిని ఇంటికి తెచ్చే ఆలోచన చేయవద్దు. ఆ కణాలు గాజు పళ్లెంలో పళ్లను పుచ్చబెట్టే స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ అనే క్రిమి పెరుగుదలను అడ్డుకున్న మాట నిజమే, కానీ నోట్లో అదే క్రిమి గారపొరలో దాగి ఉంటుంది, పైగా లాలాజలం మందును కడిగేస్తూ ఉంటుంది. క్రిములు చచ్చినా పడిన రంధ్రం పూడదు. ఆన్‌లైన్‌లో అమ్మే వెండి ద్రావణాలను తాగితే చర్మం శాశ్వతంగా నీలి బూడిద రంగుకు మారే ప్రమాదం ఉంది. దంతవైద్యంలో వెండి లేకపోలేదు; 38 శాతం సిల్వర్ డైఅమిన్ ఫ్లోరైడ్‌ను పుచ్చిన చోట పూసి పుచ్చు ముదరకుండా ఆపుతాము. పూసిన చోటు నల్లబడుతుంది. నరం చచ్చి చీము పట్టిన పంటికి అది పనికిరాదు.

బిళ్లల విషయంలో మాత్రం కాస్త గట్టిగానే చెప్పాలి. ఈ మధ్యనే ఒకాయన నొప్పి బిళ్లను మింగకుండా పన్ను పక్కన అదిమిపెట్టుకుని పడుకుని, బుగ్గ లోపల తెల్లగా కాలిన పొరతో నా దగ్గరకు వచ్చారు. ఆయన పన్ను నొప్పీ తగ్గలేదు. షుగర్ ఉన్నవారు డైక్లోఫెనాక్ వంటి నొప్పి బిళ్లలు సొంతంగా వాడితే కిడ్నీలకు చేటు. యాంటీబయాటిక్ రెండు రోజులు వేసుకుని మానేస్తే చీము తాత్కాలికంగా అణుగుతుందే తప్ప మూలం అలాగే ఉంటుంది. రెండు నెలలు ఎందుకు ఆగారండీ?

ఈ వారంలోనే దంతవైద్యుణ్ణి కలవండి. రూట్ కెనాల్ చేయాలా, పన్ను తీసేయాలా అన్నది ఎక్స్‌రే చూశాక వారు నిర్ణయిస్తారు. దవడ కింద వాపు, జ్వరం, నోరు తెరవలేకపోవడం, మింగడానికో ఊపిరికో ఇబ్బంది కనిపిస్తే వారం ఆగకుండా అప్పటికప్పుడు పెద్దాసుపత్రికి వెళ్లండి. వెళ్లేటప్పుడు ఇంతవరకు వాడిన బిళ్లల అట్టలూ, మూడు నెలల సగటు షుగర్ రిపోర్టూ వెంట తీసుకెళ్లండి.