తొరీనోకు బయల్దేరే ముందు: శ్రావ్యకు పెద్దమ్మ లేఖ

చిరంజీవి శ్రావ్యకు పెద్దమ్మ ఆశీస్సులు.

ఇటలీలో నేనుండే ఊళ్లోనే, తొరీనో పాలిటెక్నిక్‌లో నీకు సీటు వచ్చిందని మీ అమ్మ చెప్పగానే చాలా సంతోషం వేసింది. అయితే నీ మెసేజ్‌లో ఒక మాట మాత్రం నాకు నచ్చలేదు. "కోర్సు అంతా ఇంగ్లిష్‌లోనే కదా పెద్దమ్మా, ఇటాలియన్ అక్కడికి వచ్చాక మెల్లగా చూసుకుంటా" అన్నావు. అలా వద్దు తల్లీ. క్లాసు గుమ్మం దాటావంటే ఇంటి ఓనరు, మందుల షాపు, కూరగాయల కొట్టు, అందరూ ఇటాలియన్‌లోనే మాట్లాడతారు. దిగిన ఎనిమిది పనిదినాల్లో రెసిడెన్స్ పర్మిట్‌కు అప్లై చెయ్యాలి. ఆ ఫారాల కిట్టు పోస్టాఫీసులో తీసుకోవాలి, తర్వాత వేలిముద్రలకు క్వెస్తూరా అనే పోలీసు ఆఫీసుకు వెళ్లాలి. కౌంటర్లో కూర్చున్న మనిషికి ఇంగ్లిష్ వచ్చి ఉంటుందని నమ్ముకుని వెళ్లకు.

బయల్దేరడానికి ఇంకా టైముంది కాబట్టి ఇప్పుడే మొదలుపెట్టు. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను: ఇటాలియన్‌ను ఇంగ్లిష్ మీదుగా నేర్చుకోకు, తెలుగులోంచి నేరుగా నేర్చుకో.

తెలుగును ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్ అంటారని బళ్లో చెప్పే ఉంటారు. మాటలు అచ్చుతో ముగుస్తాయని అలా అంటారు. నిజమే, కానీ నేర్చుకునేవాళ్లకు అంతకంటే పనికొచ్చే పోలికలున్నాయి. వాళ్ల త, ద అచ్చంగా మన త, దలే. దేశం పేరు కూడా వాళ్ల నోట ఇతాలియా. కపెల్లొ అంటే వెంట్రుక, కప్పెల్లొ అంటే టోపీ. ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లకు ఈ రెంటినీ విడదీసి పలకడం చాలా కష్టం. గడి, గడ్డి వేరువేరుగా పలుకుతూ పెరిగినదానివి, నీకు టెన్షన్ లేదు. అందుకే నోట్‌బుక్‌లో ప్రతి కొత్త మాట పక్కన ఉచ్చారణ తెలుగులో రాసుకో. సి, హెచ్ పక్కపక్కన వస్తే క అని పలకాలి, కాబట్టి అది బ్రుస్కెత్తా, బ్రుషెట్టా కాదు. జి, ఎన్ కలిసొస్తే మనం అక్షరమాలలో తప్ప పెద్దగా వాడని ఞ వినిపిస్తుంది.

వ్యాకరణంలోనూ అంతే. "వచ్చాను" అన్నాక "నేను" అని విడిగా చెప్పక్కర్లేదు కదా, అక్కడా పార్లొ అంటే మాట్లాడతాను, పార్లి అంటే మాట్లాడతావు. ఇంగ్లిష్ అలవాటులో ప్రతి వాక్యం ముందూ "నేను" తగిలిస్తే వినడానికి ఎబ్బెట్టుగా ఉంటుంది. "నాకు నచ్చింది" అనే పద్ధతి కూడా వాళ్లకుంది. ఇంగ్లిష్ పుస్తకాలు దాన్ని ఒక చాప్టరంతా వివరిస్తాయి, నీకు ఒక్క వాక్యం చాలు.

కష్టపడాల్సిన చోట్లు వేరే ఉన్నాయి. మనం మాటలోని అక్షరాలన్నిటినీ ఒకే బలంతో పలుకుతాం. వాళ్లు ఒక అక్షరాన్ని ఊని పలుకుతారు. పాపా అనే మాటనే చూడు, మొదటి పా మీద ఊనితే పోప్ గారు, చివరి పా మీద ఊనితే నాన్న. ఇది పుస్తకం చూసి రాదు, వినాలి. రాయ్ అనే అక్కడి ప్రభుత్వ ప్రసార సంస్థ రేడియో వార్తలు రోజూ పెట్టుకో, అర్థం కాకపోయినా సరే, చదివేవాళ్ల వెనకాలే పైకి అంటూ ఉండు. రెండోది లింగం. కుర్చీ ఆడ, బల్ల మగ. ఓ తో ముగిసేవి మగ, ఆ తో ముగిసేవి ఆడ అని చెబుతారు గానీ, చెయ్యి అనే మానొ ఆడ, సమస్య అనే ప్రొబ్లేమా మగ. కాబట్టి మాటను ఒంటరిగా బట్టీ పట్టకు. లా మానొ, ఇల్ ప్రొబ్లేమా అని ముందుండే చిన్న మాటతో కలిపే నేర్చుకో.

ఇక్కడికొచ్చాక నీ అసలు బడి పోర్తా పలాత్సొ సంత. యూరప్‌లోని పెద్ద బయలు సంతల్లో అదొకటి. పొద్దున్నే వెళ్లు. కూరగాయలు చేత్తో ముట్టి ఏరుకోకు, ఏది కావాలో చెబితే కొట్టువాళ్లే తీసిస్తారు. అలా చెప్పాలంటే నోరు తెరవక తప్పదు, నాకు ఆ సంత నచ్చేది అందుకే. చీజ్ లాంటివి ఎత్తొ లెక్కన అమ్ముతారు, ఎత్తొ అంటే 100 గ్రాములు.

తప్పులొస్తాయని సిగ్గుపడకు. 1861లో ఇటలీ ఒక్కటై తొరీనో మొదటి రాజధాని అయినప్పుడు, దేశంలో ఎక్కువమంది ఇళ్లలో మాట్లాడింది ఇటాలియన్ కాదు. పియెమొంతేసె, వెనీషియన్, నెపోలిటన్ లాంటి ఎక్కడి భాష అక్కడిది. 1960 నుంచి 1968 వరకూ అల్బెర్తొ మాన్జి అనే పంతులుగారు టీవీలో పెద్దవాళ్లకు చదవడం, రాయడం నేర్పారు. సంతలో నీ పక్కన నిలబడే ముసలావిడ కూడా పుట్టింట్లో పియెమొంతేసె మాట్లాడి, బళ్లో ఇటాలియన్ నేర్చుకున్న మనిషే అయ్యుండొచ్చు. ఓపిగ్గా వింటారు.

షాపులో అడుగుపెట్టగానే బొంజోర్నొ అనాలి, ఏమీ అనకుండా సరుకులు చూడడం మర్యాద కాదు. చావ్ అనే పలకరింపు తెలిసినవాళ్లకే. ప్రొఫెసర్లనూ పెద్దవాళ్లనూ లెయి అనాలి, అది మన మీరు. నువ్వు అనమని వాళ్లే చెప్పేదాకా మార్చకు. కాఫీ కొట్టును బార్ అంటారు, ఆ పేరు చూసి మీ అమ్మ కంగారుపడకుండా ముందే చెప్పు. కపుచ్చీనొ పొద్దుటి పూటే తాగుతారు, భోజనం తర్వాత చిన్న కప్పులో ఉత్త కాఫీ.

శాకాహారివని తిండి గురించి బెంగ వద్దు. శనగపిండి, నీళ్లు, నూనె, ఉప్పు కలిపి కట్టెల పొయ్యిలో కాల్చే ఫరినాతా ఇక్కడ పిజ్జా కొట్లలో దొరుకుతుంది, నీకు తప్పకుండా నచ్చుతుంది. బాఞ్ఞా కావుదా మాత్రం ఈ ప్రాంతపు గొప్ప వంటకమైనా అందులో చేపలుంటాయి. అఞ్ఞొలొత్తి అనే కూరిన పాస్తా లోపల మామూలుగా మాంసమే. సూపుల్లో బ్రోదొ, అంటే కాచిన రసం, అని కనిపిస్తే దేంతో కాచారో అడుగు. పర్మిజానొ చీజ్‌లో పాలు విరగడానికి దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్ వేస్తారు, తినాలో వద్దో నువ్వే నిర్ణయించుకో.

కాస్త భాష పట్టుబడ్డాక తెయాత్రొ రేజొలో ఒపేరా చూడు. పుచ్చీని ఒపేరా లా బొయేమ్ 1896లో మొదటిసారి ప్రదర్శించింది ఆ థియేటర్లోనే. వెళ్లేముందు పాటల సాహిత్యం చదువుకో. పద్యనాటకంలో రాగం తీస్తుంటే ఊపిరి బిగబట్టి విని వన్స్‌మోర్ కొట్టే మన తాతల్ని చూసినదానివి కాబట్టి, పాట అయ్యాక హాలంతా ఎందుకు చప్పట్లతో మోగుతుందో నీకు ఎవరూ చెప్పక్కర్లేదు.

క్లాసులకు పెద్ద ఫీజులు కట్టకు. యూనివర్సిటీ వాళ్ల కోర్సులుంటాయి, పెద్దవాళ్ల కోసం ప్రభుత్వం నడిపే బడులూ ఉన్నాయి. సర్టిఫికెట్ కావాలంటే సియేనా వాళ్ల చిల్స్, పెరూజా వాళ్ల చెలి పరీక్షలకు ఎక్కడైనా విలువుంది. ముందుముందు ఇక్కడే స్థిరపడి పౌరసత్వం అడగాలనుకుంటే ఇటాలియన్‌లో బి1 అనే మధ్యస్థాయి తప్పనిసరి.

ఇంకొకటి. ఎవరైనా ఇంటికి భోజనానికి పిలిస్తే స్వీట్లో పువ్వులో తీసుకెళ్లు గానీ, చామంతులు మాత్రం వద్దు. మనకు పూజకు పెట్టే పువ్వు, ఇక్కడ నవంబరులో సమాధుల మీద పెట్టే పువ్వు. గడపలో పెర్మెస్సొ అని అడిగి లోపలికి వెళ్లు.

ఈ వారం నుంచి మన ఆదివారం ఫోన్‌లో మొదటి పది నిమిషాలు ఇటాలియన్‌లోనే మాట్లాడుకుందాం. పేరు, ఊరు, పొద్దున ఏం తిన్నావు, ఇవి తయారుచేసుకుని ఉంచు.

మీ పెద్దమ్మ