లండన్‌లో ఏడాది గడవడానికి: చూపించే సొమ్ము, చేతిలో ఉండే సొమ్ము

ప్రశ్న: మాది ఖమ్మం. సెప్టెంబరులో లండన్‌లో ఎమ్మెస్సీలో చేరబోతున్నాను. నెలకు ఆరు వందల పౌండ్లతో గడిచిపోతుందని ఒకరు, పదిహేను వందలైనా చాలవని మరొకరు అంటున్నారు. పార్ట్‌టైమ్ ఉద్యోగంతో ఖర్చులన్నీ వెళ్లిపోతాయని, వీసాకు చూపించాల్సిన సొమ్మును కూడా తామే సర్దుతామని కన్సల్టెన్సీవారు చెబుతున్నారు. ఫీజు కాకుండా ఎంత కావాలని నాన్నగారికి చెప్పమంటారు?

జవాబు: మీకు చెప్పిన ఇద్దరూ అబద్ధమాడలేదు. ఆరు వందలన్నవారు తూర్పు లండన్‌లో ఏ ఈస్ట్ హామ్‌లోనో, ఇల్ఫర్డ్‌లోనో గదిని మరొకరితో పంచుకుని, వంట తామే చేసుకుని, బస్సులోనే తిరిగినవారై ఉంటారు. పదిహేను వందలన్నవారు యూనివర్సిటీ హాస్టల్లో సొంత గది తీసుకున్నవారు కావచ్చు, లేదా ప్రభుత్వం చెప్పిన అంకెనే మీకు చెప్పి ఉండవచ్చు. 2025 నవంబరు నుంచి అమలులో ఉన్న నిబంధన ప్రకారం, లండన్‌లో చదివే విద్యార్థి నెలకు 1,529 పౌండ్ల చొప్పున తొమ్మిది నెలలకు 13,761 పౌండ్లు తన ఖాతాలోనో తల్లిదండ్రుల ఖాతాలోనో వరుసగా 28 రోజులు తగ్గకుండా ఉన్నట్లు చూపించాలి. లండన్ వెలుపల చదివేవారికి ఇది నెలకు 1,171 పౌండ్లు. ఇంకా కట్టాల్సిన ఫీజు దీనికి అదనం.

ఇక "సర్దడం" సంగతి. మన ఊళ్లలో ఇదొక వ్యాపారమైపోయింది. నెల రోజుల పాటు వడ్డీకి సొమ్ము తెచ్చి మీ నాన్నగారి ఖాతాలో వేస్తారు, వీసా రాగానే తీసేసుకుంటారు. కాగితాలలో తేడా బయటపడితే వీసా తిరస్కరణతో ఆగదు, మోసం కింద నమోదైతే పదేళ్ల వరకు ఆ దేశంలో అడుగు పెట్టకుండా నిషేధం పడవచ్చు. అది అందరూ చెప్పే భయం. నేను చెప్పదలచింది వేరు. ఏ చిక్కూ లేకుండా వీసా వచ్చేసినవాడు కూడా హీత్రూ విమానాశ్రయంలో దిగేసరికి వట్టి చేతులతో ఉంటాడు. ఆ 13,761 పౌండ్లు ఎవరో గుమాస్తా గాలిలోంచి తీసిన అంకె అని మనవాళ్లు అనుకుంటారు గానీ, పద్దెనిమిదేళ్లుగా ఇక్కడ ఉంటూ ఎంతోమంది పిల్లల జమాఖర్చులు చూసిన నా అనుభవంలో అది పొదుపుగా ఉండేవాడికి ఏడాదికి దాదాపు సరిపోయే మొత్తం. ఎలాగో చూడండి.

ఇద్దరు పంచుకునే గదిలో మీ వాటా అద్దె, కరెంటు, గ్యాస్, ఇంటర్నెట్ కలిపి 450 పౌండ్లు అనుకుందాం. తిండికి 130, ప్రయాణాలకు 110, ఫోనుకు 10, బట్టలు, క్షౌరం, మందులు, ఎప్పుడో ఒక పూట బయట తినడం వంటి చిల్లర ఖర్చులకు 150 వేసుకుంటే నెలకు 850 అవుతుంది. పన్నెండు నెలలకు 10,200. చదువు కాగానే ఇక్కడ ఉద్యోగం వెతుక్కోవడానికి గ్రాడ్యుయేట్ వీసా కావాలి. దాని దరఖాస్తు రుసుము 2025 ఏప్రిల్ లెక్కన 880 పౌండ్లు. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవారికి ఆ వీసా రెండేళ్లకు బదులు పద్దెనిమిది నెలలకే ఇస్తారు కనుక, ఏడాదికి 1,035 చొప్పున ఆరోగ్య సర్‌చార్జి (ప్రభుత్వ వైద్యం కోసం వీసాతోపాటే కట్టే సొమ్ము) 1,552.50 అవుతుంది. రెండూ కలిపితే 2,432.50. రుసుములు తరచూ ఏప్రిల్‌లో పెరుగుతుంటాయి కాబట్టి ఇంకొంచెం ఎక్కువే అనుకోండి. ఇంతా పోగా 13,761లో సుమారు 1,128 పౌండ్లు మిగులుతాయి. గది అడ్వాన్సు, దుప్పట్లు, చలికోటు, తొలి నెల తడబాట్లు, అన్నీ అందులోంచే. అంటే అసలు సొమ్ము మీదే అయితే పార్ట్‌టైమ్ ఊసు లేకుండానే ఏడాది గట్టెక్కుతుంది. అది సర్దిన సొమ్మయితే ఈ లెక్కలో ఏ ఒక్క గీతా నిలబడదు. ఒంటరి గదే కావాలనుకుంటే తూర్పు లండన్‌లోనే అద్దె 700, 750 దాకా పోతుంది. అప్పుడు నెల ఖర్చు పదకొండు వందలు దాటుతుంది.

ఈ లెక్కలో తప్పటడుగు పడేది ఎక్కువగా అద్దె దగ్గరే. నేను వచ్చిన కొత్తలో ఒక తెలుగాయన చెప్పిన గదిని ఫోటో చూసి ఖాయం చేసుకుని, రసీదు లేకుండా రెండు వందల పౌండ్ల అడ్వాన్సు నోట్లుగా చేతిలో పెట్టాను. ఖాళీ చేసేటప్పుడు అడిగితే గోడ మీద నూనె మరకలున్నాయన్నాడు. ఆ మరకలు నాకంటే ముందే ఆ ఇంట్లో కాపురముంటున్నాయి. ఇంగ్లండులో 2019 నుంచి అమలులో ఉన్న చట్టం ప్రకారం ఏడాది అద్దె 50,000 పౌండ్ల లోపు ఉన్న ఇంటికి డిపాజిట్ ఐదు వారాల అద్దెను మించకూడదు, గది ఆపి ఉంచడానికి తీసుకునే సొమ్ము ఒక వారం అద్దెను మించకూడదు. తీసుకున్న డిపాజిట్‌ను ముప్పై రోజుల లోపల ప్రభుత్వం ఆమోదించిన రక్షణ పథకంలో పెట్టి, ఆ వివరాలు మీకు ఇవ్వాలి. ఇక్కడ పూచీ ఇచ్చేవారు లేని మన పిల్లల దగ్గర ఆరు నెలల అద్దె ముందే గుంజేవారు. 2026 మే 1 నుంచి మామూలు ప్రైవేటు అద్దె ఇళ్లలో ఒక నెలకు మించి ముందస్తు అద్దె అడగడానికి వీల్లేదు. అయితే ఈ రక్షణలలో కొన్ని ఇంటి యజమానితో అదే ఇంట్లో ఉండేవారికి వర్తించవు. అద్దెకున్న మరో విద్యార్థి తన గదిలో మీకొక పరుపు వేసి ఇస్తే, ఆ పరుపుకు కాగితమంటూ ఏదీ ఉండదు. కాగితం లేకపోతే చిరునామా రుజువు ఉండదు, అది లేకపోతే బ్యాంకు ఖాతా నుంచి డాక్టరు దగ్గర నమోదు దాకా ప్రతిచోటా తిప్పలే. అందువల్ల మొదటి రెండు మూడు వారాలు తెలిసినవారి ఇంట్లోనో చవక హాస్టల్లోనో దిగి, గదిని కళ్లారా చూసి, యజమాని పేరు ఒప్పందంలో ఉందని నిర్ధారించుకున్నాకే డబ్బు బదిలీ చేయండి. నోట్లు ఇవ్వవద్దు.

"బిల్లులతో కలిపి" అన్న మాటను కూడా కాగితం మీద చూడాలి. మేమున్న ఇంట్లో కరెంటుకు తాళంచెవి మీటరు ఉండేది. ప్లాస్టిక్ తాళంచెవిని తీసుకుని వీధి మూల దుకాణానికి వెళ్లి పది పౌండ్లు కొట్టించుకుని వచ్చి మీటరులో గుచ్చితేనే వెలుగు. ఒక జనవరి ఆదివారం రాత్రి కుక్కరు మూడో విజిల్ దగ్గర ఉండగా మీటరు ఖాళీ అయింది. సొమ్ము అయిపోయినప్పుడు మీటరిచ్చే అత్యవసర అప్పు కూడా ముందురోజే వాడేశామని అప్పుడు తెలిసింది. ఆ రాత్రి ఐదుగురం సగం ఉడికిన పప్పు తిని, కోట్లు వేసుకుని పడుకున్నాం. మీటరు డబ్బు ఎవరి వంతు అన్న తగాదా మరో నెల నడిచింది. అటువంటి మీటర్లలో పాత అప్పు కూడా పేరుకుని ఉంటుంది, మీరు వేసిన సొమ్ములోంచి కొంత ఆ అప్పుకు జమ అయిపోతుంది. గది చూడటానికి వెళ్లినప్పుడు మీటరును కూడా చూపించమని అడగండి, మొహమాటపడకండి.

ఇంటి పన్ను వంటి కౌన్సిల్ ట్యాక్స్ విషయంలో, ఇంట్లో ఉన్న పెద్దలందరూ పూర్తికాల విద్యార్థులైతే మినహాయింపు ఉంది. యూనివర్సిటీ ఇచ్చే ధ్రువపత్రాన్ని మన మున్సిపాలిటీ వంటి కౌన్సిల్‌కు పంపి ఆ మినహాయింపు మీరే అడిగి తీసుకోవాలి. ఇంట్లో ఉద్యోగస్తుడు ఒక్కడున్నా ఆ ఇంటికి బిల్లు వస్తుంది, పాతిక శాతం తగ్గింపుతో. చదువు ముగించుకుని ఉద్యోగంలో చేరిన అన్న ఎవరైనా మీ ఇంట్లో ఉంటే ఆ బిల్లు ఎవరు కట్టాలో చేరకముందే తేల్చుకోండి. టీవీ లైసెన్సు ఏడాదికి 174.50 పౌండ్లు ఉండేది. ప్రత్యక్ష ప్రసారాలు, బీబీసీ ఐప్లేయర్ చూడనివారికి దాని అవసరం లేదు, కాబట్టి తలుపు కింద పడే హెచ్చరిక ఉత్తరాలు చూసి భయపడి కట్టనక్కరలేదు.

తిండి సంగతి మీకు నేను చెప్పేదేముంది, ఇంట్లో అమ్మను అడిగితే అసలు రహస్యం దొరుకుతుంది. వంట వచ్చినవాడికి 130 పౌండ్లు ఎక్కువే, రానివాడికి మూడు వందలైనా చాలవు. ఈస్ట్ హామ్ హై స్ట్రీట్ నార్త్‌లో సోనా మసూరి, కందిపప్పు, కరివేపాకు అన్నీ దొరుకుతాయి కనుక పెట్టెలో పప్పులు మోసుకు రాకండి. ఆ బరువుకు మంచి ప్రెషర్ కుక్కరు, ఇక్కడి మూడు పిన్నుల సాకెట్‌కు సరిపోయే అడాప్టర్లు, ఒక జత అదనపు కళ్లద్దాలు తెచ్చుకోండి. పాలు, గుడ్లు, కూరగాయలు ఆల్డీ, లిడిల్ దుకాణాలలో చవక. సాయంత్రం పొద్దుపోయాక సూపర్‌మార్కెట్లలో గడువు దగ్గరపడిన సరుకు మీద పసుపు చీటీ అంటించి ధర తగ్గిస్తారు. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు, నా ఇంగ్లీషు ఇరుగుపొరుగు కూడా ఆ వేళకే వస్తారు.

ప్రయాణాల మీద కొత్తవారు తెలియక పోగొట్టుకునేది చాలా ఉంది. పద్దెనిమిదేళ్లు దాటిన విద్యార్థులకు ఇచ్చే ఆయిస్టర్ కార్డుతో (బస్సు, రైలు ఛార్జీలు కట్టే కార్డు) వారం, నెల, అంతకు మించిన ట్రావెల్‌కార్డులనే పాసుల మీదా బస్సు పాసుల మీదా 30 శాతం తగ్గుతుంది, విడి ప్రయాణాల మీద తగ్గదు. ఈ కాలపు ఎమ్మెస్సీలో క్లాసులు వారానికి రెండు మూడు రోజులే కనుక నెల ట్రావెల్‌కార్డు చాలామందికి దండగ. ఆ ఆయిస్టర్ కార్డుకే 16-25 రైల్‌కార్డు అనే రాయితీ కార్డును జత చేయించుకుంటే రద్దీ లేని వేళల్లో ట్యూబు (భూగర్భ రైలు) ఛార్జీలో మూడో వంతు తగ్గుతుంది. 2025లో బస్సు టికెట్టు 1.75 పౌండ్లు. మొదటి బస్సు ఎక్కిన గంటలోపు ఎన్ని బస్సులు మారినా అదే టికెట్టు చెల్లుతుంది, రోజు మొత్తానికి 5.25 దాటి కోయరు. ఇల్ఫర్డ్ నుంచి స్ట్రాట్‌ఫర్డ్ మీదుగా నగరంలోకి పోయే 25వ నంబరు బస్సు రాత్రంతా నడుస్తుంది. గంటకు పైగా పడుతుంది, కానీ దానిలో పాఠం చదువుకోవచ్చు.

ఇప్పుడు పార్ట్‌టైమ్. డిగ్రీ స్థాయి విద్యార్థి వీసా మీద చదువు నడిచే రోజుల్లో వారానికి, అంటే సోమవారం నుంచి ఆదివారం దాకా, ఇరవై గంటలే పని చేయాలి. ఒక వారం పది, మరో వారం ముప్పై చేసి సగటు చూపించడం కుదరదు. ఎమ్మెస్సీ వారికి వేసవిలో ప్రాజెక్టు రాసే నెలలు కూడా చదువు రోజులే. స్వయం ఉపాధి అసలు పనికిరాదు కనుక, తిండి చేరవేసే యాప్‌లలో ఇంకొకరి ఖాతా అద్దెకు తీసుకుని సైకిల్ తొక్కడం రెండు విధాలా నేరం. మన పిల్లలు పోగొట్టుకున్న వీసాలలో ఈ రకం నేను చాలానే చూశాను. 2026 ఏప్రిల్ నుంచి ఇరవై ఒకటి నిండినవారికి కనీస వేతనం గంటకు 12.71 పౌండ్లు, ఇరవై గంటలకు 254 పౌండ్లు. కాగితం మీద బాగానే ఉంది. తొలి ఉద్యోగం దొరకడానికి రెండు మూడు నెలలు పట్టవచ్చు, దొరికినది గంటలకు హామీ లేని ఒప్పందమైతే క్రిస్మస్ ముందు రోజూ పిలిచినవారు జనవరిలో ఫోనెత్తరు. కాబట్టి ఆ జీతాన్ని లెక్కలో ముందుగా రాసుకోకండి. వచ్చినప్పుడు వేరే ఖాతాలో జమ చేసుకోండి, నాన్నగారి అప్పుకు ఉపయోగపడుతుంది.

ఆరోగ్యానికి మీరు విద్యార్థి వీసాతోపాటే, విద్యార్థుల రేటున ఏడాదికి 776 పౌండ్ల చొప్పున కట్టి ఉంటారు. వీసా కోర్సు దాటి కొన్ని నెలలు ఉంటుంది కనుక ఏడాది కోర్సుకు మొత్తం 1,164. అందువల్ల చేరిన వారంలోనే దగ్గరి డాక్టరు దగ్గర పేరు నమోదు చేసుకోండి, చూపించుకోవడం ఉచితం. మందు చీటీకి మాత్రం ఒక్కో మందుకు 9.90 పౌండ్లు. ఆదాయం తక్కువ ఉన్నవారు హెచ్‌సీ1 అనే దరఖాస్తు పెట్టుకుంటే అది కూడా పూర్తిగా పోవచ్చు, మనవాళ్లలో పదిమందికి ఒక్కరికైనా ఈ సంగతి తెలియదు. పంటి వైద్యం మాత్రం ఖమ్మంలోనే ముగించుకుని రండి.

నాన్నగారికి ఫీజు కాకుండా 13,761 పౌండ్లని, పౌండు 118 రూపాయలైతే పదహారు లక్షల పాతిక వేల దాకా అవుతుందని చెప్పండి. అందులో పార్ట్‌టైమ్ జీతం ఒక్క రూపాయి కూడా కలపలేదని కూడా చెప్పండి. 2025 ఒక్క ఏడాదిలోనే పౌండు సుమారు 105 నుంచి 120 రూపాయల దాకా పాకింది గనుక, ఒక లక్ష పైన పెట్టుకోవడం మంచిది. మూడో వంతు మీతో రావాలి, మరో మూడో వంతు జనవరిలో పంపితే చాలు. ఏడాదిలో పది లక్షలు దాటి పంపే సొంత సొమ్ముపై బ్యాంకువారు పన్ను ముందే పట్టుకుంటారు, అది నాన్నగారి రిటర్నులో సర్దుబాటవుతుంది. బ్యాంకు విద్యారుణమైతే ఆ బాధ లేదు. చివరి మూడో వంతులో గ్రాడ్యుయేట్ వీసాకు కావలసిన రెండున్నర వేల పౌండ్లను మీ చేతికి కూడా ఇవ్వకుండా, ఆగస్టు దాకా నాన్నగారి ఖాతాలోనే డిపాజిట్ వేసి ఉంచమనండి.